తాడ్వాయి పురుగులు

ఎల్లారెడ్డి,
14 జూన్ 2024.

హన్మంతన్నకు నౌషీన్ సలాం.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ, మంచిగున్నం" అని పెట్టేస్తావు. నేను అడిగిందేమిటో, నువ్వు విన్నదేమిటో పైవాడికే తెలియాలి. ముప్పై ఏళ్లు గ్రైండరు పక్కన కూర్చుంటే చెవులు మాత్రం ఏం చేస్తాయి! అందుకే ఉత్తరం. వదినతో చదివించుకుని సగం వినకుండా, నువ్వే నిదానంగా రెండుసార్లు చదువు.

నా రీసెర్చి పురుగుల మీద అని నీకు తెలుసు. మా అబ్బా, అదే నీ ఉస్తాద్, బతికున్నప్పుడు మోటర్ వైండింగ్ షాపులో మీ ఇద్దరికీ చెప్పబోతే, "అందరు పురుగులకు మందు కొడుతుంటే నువ్వు బువ్వ పెట్టి పెంచుతవా" అని నవ్వావు. ఈసారి నవ్వకు. ఆ పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. నూలుపోగు కన్నా సన్నం. కళ్లు లేవు, చెవులు లేవు. ఒళ్లంతా వెతికినా నరాల కణాలు మూడు వందల రెండే. అయినా మట్టిలో పైకి ఎటు, కిందికి ఎటు అన్నది భూమి అయస్కాంతాన్ని పట్టుకుని తెలుసుకుంటుందని కొందరు శాస్త్రవేత్తలు రాశారు. మేం చేసి చూస్తే అలా రాలేదని ఇంకొందరు రాశారు. ఆ తగవు ఇంకా తెగలేదు.

ఆరేళ్ల కింద తాడ్వాయిలో రాజేశం పటేలు చేనుకాడి పెంటకుప్పలోంచి నేను తెచ్చిన పురుగులు ఈ విషయంలో చాలా గట్టివి. గొట్టంలో మెత్తటి జెల్లీ నింపి, నడిమధ్య వాటిని వదిలి, చుట్టూ కాయిల్ పెట్టి కరెంటు ఇస్తే మర్నాటికి నూటికి డెబ్బై ఒకే చివరకు పోతాయి. మా గైడు సారు మాత్రం ఒప్పుకోవడం లేదు. "కాయిల్‌లో కరెంటు పోతే వెచ్చబడుతుంది కదమ్మా. నీ పురుగు అయస్కాంతాన్ని కాదు, వెచ్చదనాన్ని పట్టుకుని పోతుందేమో" అన్నారు. న్యాయమైన మాటే. అయస్కాంతాన్ని పసిగడుతుందని చెప్పే నరమే వెచ్చదనాన్ని కూడా పసిగడుతుంది.

అందుకు నువ్వొక కాయిల్ చుట్టాలి. ఒకటి కాదు, రెండు రాగి తీగలు పక్కపక్కన కలిపి చుట్టాలి. ఒక స్విచ్, దానికి రెండు గుర్తులు. మొదటి గుర్తు మీద రెండు తీగల్లోనూ కరెంటు ఒకేవైపు నడవాలి. రెండో గుర్తు మీద రెండో తీగలో ఎదురు నడవాలి. అప్పుడు ఒకదాని అయస్కాంతాన్ని ఇంకోటి చంపేస్తుంది, వేడి మాత్రం అంతే ఉంటుంది. రెండో గుర్తు మీద పురుగులు దారి తెలియక చెదిరిపోతే నేను గెలిచినట్టు. రెండింటి మీదా ఒకేవైపు పోతే అవి వెతుక్కున్నది వెచ్చదనాన్నే, నా ఆరేళ్లూ మట్టిపాలు.

అక్టోబరు ఆఖరుకు థీసిస్ ఇవ్వాలి. మూడుసార్లు గడువు పెంచారు, ఇక పెంచరు. డాక్టరేట్ లేని కాంట్రాక్టు లెక్చరర్లను వచ్చే ఏడు ఉంచరని కాలేజీలో అనుకుంటున్నారు. అంతకన్నా, నేను చూసింది నిజమా కాదా అన్నది నాకే తెలియాలి. బొమ్మ గీసి పెట్టాను. ఉన్నది ఉన్నట్టు చుట్టు.

నౌషీన్.


కామారెడ్డి,
3 జూలై.

నౌషీన్ చెల్లెకు హన్మంతు రాసేది,

మేం మంచిగనే ఉన్నం, మోటర్లే మంచిగ లేవు. నాట్లు మొదలైనయి గదా, దినాం ఆరేడు కాలిన మోటర్లు వస్తున్నయి. రామారెడ్డి నుంచి వచ్చినాయన నిన్న షాపు మెట్ల మీదనే కూసున్నడు. "హన్మంతన్నా, నా మోటరు ఇచ్చేదాక లేవ, నారు ఎండుతుంది" అన్నడు. ఆయనకు చాయ్ తాపి, నీ కాయిల్ పక్కకు పెట్టి, ఆయన పని చేసి పంపిన. అందుకే ఆలస్యమైంది, తిట్టకు.

నీ బొమ్మ చూసి ముందుగాల నువ్వే తప్పు గీసినవేమో అనుకున్న. నేను షాపుల చేరిన మొదటి దినం ఉస్తాద్ నాకు చెప్పిన మాట ఇది: "ఒక వైండింగ్‌ల రెండు తీగలు ఎదురెదురు నడిస్తే అది మోటరు కాదురా, పొయ్యి." ఇరవై ఎనిమిదేండ్లల్ల ఎన్నడు గట్ల చుట్టలేదు. చేతులు ఒప్పుకోలేదు. మూడుసార్లు ఉత్తరం చదివి, నువ్వు చదువుకున్నదానివి, కారణం లేక చెప్పవు అని చుట్టిన. నువ్వు గీసినట్టే ఉంది.

నాకున్న గుబులు ఒక్కటే. నువ్వు దాన్ని కరెంటు మీద వదిలి కాలేజీకి పోతవు. ఇల్లు పరాయివాళ్లది. కాలకుండ నా జాగ్రత్త నేను తీసుకున్న. పైన గుడ్డ చుట్టి వార్నిష్ పోసిన, విప్పకు.

ఎల్లారెడ్డి బస్సుల పెట్టె పంపుతున్న. మజూరి సంగతి ఎత్తితే ఊకోను. ఉస్తాద్ చెయ్యి పట్టి నేర్పిన పని, ఆయన బిడ్డకు కాకపోతే ఎవలకు?

హన్మంతు.


ఎల్లారెడ్డి,
21 జూలై.

హన్మంతన్నా,

కాయిల్ అందింది. ఎంత బాగా చుట్టావు! తీగ మీద తీగ ఎక్కలేదు, మధ్యలో వెంట్రుకవాసి సందు లేదు. మా సారుకు ఫొటో పంపితే ఏ కంపెనీది అని అడిగారు. కామారెడ్డి స్టేషన్ రోడ్డు కంపెనీ అన్నాను.

రాగానే అబ్బా కంపాసు పెట్టి చూశాను. నమాజుకు దిక్కు చూసుకోవడానికి జేబులో పెట్టుకునేవారే, అదే. స్విచ్ మొదటి గుర్తు మీద వేయగానే ముల్లు గిర్రున తిరిగి పడమటికి వాలింది. రెండో గుర్తు మీద వేస్తే కదలకుండా ఉత్తరానికే నిలబడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయన్నా. ఇంత సరిగ్గా వస్తుందనుకోలేదు.

ఇక కంపాసు డబ్బాలో పెట్టేశాను. పరీక్ష నడిచినన్నాళ్లూ ఏ రోజు ఏ గుర్తు మీద ఉందో నాకు తెలియకూడదు. తెలిస్తే లెక్కపెట్టేటప్పుడు నా ఆశ నా కళ్లను మోసం చేస్తుంది. అందుకని స్విచ్ వేసే పని మా ఇంటి ఓనరమ్మ మంగవ్వకు అప్పజెప్పాను. ఆమె బీడీలు చుట్టడం ఆపి లేచొచ్చి, తనకు తోచిన గుర్తు మీద స్విచ్ వేసి, చీటీ మీద ఒక గీతో రెండు గీతలో గీసి డబ్బాలో వేస్తుంది. డబ్బా ఆఖరు రోజునే విప్పుతాను. "ఏంది బిడ్డా, గా పురుగులకు గింత సేవనా? నన్నెవలన్న గిట్ల సూసుకుంటే ఇంకో పదేండ్లు బతుకుత" అంటుంది.

నలభై గొట్టాలు. రోజుకొకటి. సెప్టెంబరు మొదటి వారానికి అయిపోతుంది. చాలా ఏళ్ల తర్వాత ధైర్యంగా ఉంది.

నౌషీన్.


కామారెడ్డి,
25 ఆగస్టు.

చెల్లెకు,

ఉత్తరం లేదు, కబురు లేదు. పురుగులు మంచిగున్నయా? వాటికి దారి తెలుస్తుందా, నా తీరుగ సంత నుంచి ఇంటికి వచ్చేటప్పుడు సందు మర్చిపోతున్నయా?

మీ వదిన ఒకటే అడుగుతుంది, నౌషీన్ డాక్టరైతే మనకు మందులు రాసిస్తదా అని. గా డాక్టరు వేరే అని చెప్పిన. "ఏ డాక్టరైతేంది, మన షాపు బిడ్డ" అన్నది. బోర్డు మీద నీ పేరు రాయించాలంటుంది. నవ్వకు, పెయింటరును అడిగిన కూడ.

కాయిల్ ఇబ్బంది పెడుతలేదు గదా? వాసన గిట్ల వస్తే రాయి.

హన్మంతు.


ఎల్లారెడ్డి,
22 సెప్టెంబరు.

హన్మంతన్నకు,

డబ్బా విప్పి పద్నాలుగు రోజులైంది. రాయడానికి చెయ్యి రాలేదు.

ఒక గీత ఉన్న రోజుల్లో నూటికి అరవైతొమ్మిది పురుగులు పడమటి చివరకు పోయాయి. రెండు గీతలున్న రోజుల్లో అరవైఎనిమిది. రెండూ ఒకటే. అయస్కాంతం ఉన్నా అటే, లేకపోయినా అటే. చీటీలు తారుమారయ్యాయేమోనని మంగవ్వను గుచ్చి గుచ్చి అడిగాను. పాపం ఆమె ఒట్టు పెట్టుకుంది. మళ్లీ పది గొట్టాలు చేశాను. అదే లెక్క.

అంటే వేడి. ఆరేళ్లుగా నేను చూసింది చలికాలం పిల్లి పొయ్యి దగ్గర చేరడం లాంటిదే. అంతకు మించి ఏమీ లేదు. దానికోసం పెళ్లి వద్దన్నాను. అబ్బా ఆస్పత్రిలో ఉన్న ఆఖరి వారంలో కూడా పురుగులకు తిండి మార్చాలని రెండు రోజులు ఎల్లారెడ్డి వచ్చేశాను. నేను తిరిగి వెళ్లేసరికి ఆయనకు మాట పడిపోయింది. నువ్వే కదా పక్కన ఉన్నావు. ఆ రెండు రోజులు దేనికి ఖర్చయ్యాయో ఇప్పుడు తెలిసింది.

సారుకు ఉన్నదున్నట్టు రాశాను. "నిజాయితీగా చేశావు. కానీ దీని మీద థీసిస్ నిలబడదు" అని జవాబిచ్చారు. రిజిస్ట్రేషన్ నేనే వెనక్కి తీసుకుంటే గౌరవంగా ఉంటుందన్నారు. అన్నా, నాకు ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. క్లాసులో బోర్డు మీద బొమ్మ గీస్తూ గీస్తూ ఆగిపోతున్నాను. ఇన్నేళ్లు లేనిదాన్ని చూసిన కళ్లివి, ఇప్పుడు చూస్తున్నది మాత్రం సరైనదని ఏం నమ్మకం?

పురుగులు ఇంకా ఉన్నాయి. మూడు నాలుగు రోజులకొకసారి తిండి మారుస్తున్నాను, అలవాటు కొద్దీ. వచ్చే నెల నడుమ దాకా చూస్తాను. ఆ తర్వాత వాటిని దేనికి పెంచాలి?

నౌషీన్.


కామారెడ్డి,
2 అక్టోబరు.

నౌషీన్ చెల్లెకు,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివిన.

రంది పెట్టుకోకు. చదువు ఒక్కటే బతుకు కాదు. ఉస్తాద్ నిన్ను ఏమీ అనుకోలేదు, ఆఖరికి కూడ నీ పేరే తలిచిండు. మీ వదిన బతుకమ్మ పండుగకు నిన్ను రమ్మంటుంది. నాలుగు దినాలు ఉండిపో.

ఆ కాయిల్ నీకు ఇగ పనికి రాదు గదా. ఎవలకు ఇయ్యకు, విప్పకు. బస్సుల పెట్టి నాకు పంపు. రాగి పనికొస్తది.

హన్మంతు.


ఎల్లారెడ్డి,
18 అక్టోబరు.

హన్మంతన్నా,

కాయిల్ పంపుతున్నాను.

రిజిస్ట్రేషన్ వెనక్కి తీసుకున్నట్టు మొన్న సంతకం పెట్టాను. నిన్న పెద్ద గంజులో నీళ్లు మరిగించి పురుగులు పెరిగే పళ్లేలన్నీ అందులో వేశాను. మంగవ్వ గడపలో నిలబడి, "పాపం బిడ్డా, గవ్వి ఏం జేసినయి నిన్ను?" అంది. ఏమీ చేయలేదు. అవి వెచ్చగా ఉన్న చోటికి పోయాయి, అంతే.

పండుగకు రాలేకపోయాను. అడిగినవాళ్లకు జవాబు చెప్పే ఓపిక లేదు.

నౌషీన్.


కామారెడ్డి,
9 నవంబరు.

నౌషీన్ చెల్లెకు,

ఇది చదివినంక నువ్వు నా మొకం చూడకున్నా సరే. చెప్పాలె.

కాలకుండ నా జాగ్రత్త తీసుకున్న అని జూలైల రాసిన. ఏం జాగ్రత్తో రాయలేదు. రెండో తీగల, గుడ్డ కింద, ఒక చిన్న కట్-ఔట్ పెట్టిన. మోటర్లల్ల పెట్టేది కాదు, కోడిపిల్లల పెట్టెలల్ల వేడి మించకుండ పెట్టేది. కాయిల్ వెచ్చబడంగనే రెండో తీగకు కరెంటు ఆపేస్తది. మొదటి తీగ ఒక్కటే నడుస్తది. కరెంటు తీసి చల్లారినంక మళ్ల కలుస్తది. రెండు తీగలు కొట్లాడితే పొయ్యి అయితదన్న ఉస్తాద్ మాట నా బుర్రల నుంచి పోలేదు చెల్లె. నువ్వు ఇంట్ల పడుకున్నప్పుడు అది అంటుకుంటే ఎట్ల అని పెట్టిన.

నువ్వు కంపాసు పెట్టినప్పుడు కాయిల్ చల్లగుండె. మంచిగనే చూపెట్టింది. గంట అయినంక స్విచ్ ఏ గుర్తు మీద ఉన్నా ఒక్క తీగనే, ఒక్క దిక్కు అయస్కాంతమే. పురుగులు ఒక్క దిక్కు పోక ఏం చేస్తయి?

కాయిల్ విప్పి చూసిన. కట్-ఔట్ మొన నల్లగ మాడింది. దినాం తెగింది, దినాం కలిసింది.

ఇంకో మాట. నీ సెప్టెంబరు ఉత్తరం చదువంగనే నాకు తట్టింది. రెండు గుర్తుల మీద ఒక్క తీరు అని రాసినవు గదా. అయినా ఊకున్న. విప్పి చూసినంక చెప్త అని నాకు నేను చెప్పుకున్న. అది అబద్ధం. భయపడ్డ. ఉస్తాద్ బిడ్డ కష్టం నా చేతులల్ల పోయిందంటే ఈ షాపుల ఎట్ల కూసోవాలె అని భయపడ్డ. రంది పెట్టుకోకు అని రాసిన చెయ్యి ఇదే. ఆ పదిహేను దినాలల్లనే నువ్వు నీళ్లు మరగపెట్టినవు.

మొన్న హైదరాబాద్ పోయి మీ సారును కలిసిన. కట్-ఔట్ ఆయన చేతిల పెట్టి, "తప్పు నాది సార్, పిల్లది కాదు" అన్న. ఆయన ఏమో అడిగిండు. నాకు వినబడలేదు. "చెవులు లేవు సార్, రాసియ్యండి" అన్న. కాగితం మీద రాసిండు: 'ఆమె పురుగులు ఉన్నాయా? ఉంటే ఆర్నెల్ల గడువు నేను ఇప్పిస్తాను.'

నేను తల అడ్డంగ ఊపిన. ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

చెల్లె, ఏ పళ్లెం మూలకన్నా, ఏ గొట్టంలనన్నా, ఒక్కటన్నా మిగిలిందేమో చూడు. కొత్త కాయిల్ చుట్టి పెట్టిన. నీ బొమ్మల ఎట్లుందో గట్లనే. ఒక్కటి ఉన్నా రాయి, నేనే తీసుకొస్త.

హన్మంతు.


ఎల్లారెడ్డి,
8 డిసెంబరు.

హన్మంతన్నకు,

లేవు.

ఉత్తరం అందిన రోజే వెతకడం మొదలుపెట్టాను. ఒక్కటి చాలన్నా. ఈ పురుగుకు జత అక్కర్లేదు, ఒక్కటే ఉన్నా తనంతట తానే పిల్లల్ని కంటుంది. ఒక్కటి దొరికితే నెలలో వేలు అయ్యేవి. కడిగిన పళ్లేల అంచులు గీకాను. మోరీలో బురద తీశాను. చెత్తబుట్ట వెనక ఎండిపోయిన జెల్లీ ముక్క ఒకటి దొరికితే దానికి తడి పెట్టి వారం రోజులు సూక్ష్మదర్శిని కింద చూస్తూ కూర్చున్నాను. అన్నీ శుభ్రంగా చచ్చిపోయాయి. నేను ఏ పనైనా శుభ్రంగానే చేస్తాను.

తాడ్వాయి పోయాను. రాజేశం పటేలు నన్ను గుర్తుపట్టాడు. "ఏ పెంటకుప్ప బిడ్డా? చేను అమ్మి రెండేండ్లాయె. గిప్పుడు అండ్ల ప్లాట్లు చేసిండ్రు" అన్నాడు. మొరం పోసి, రోలర్ తిప్పి, రాళ్లు పాతారు. ఆ అంచుల్లో మట్టి ఏడు చోట్ల నుంచి తీసుకొచ్చాను. మూడు వారాలు చూశాను. పురుగులు వచ్చాయి, వేరే జాతివి. సారు దగ్గర ఉన్నవి మా పురుగుల జాతే గానీ బయటి దేశం నుంచి వచ్చినవి, తరతరాలుగా పళ్లేల్లోనే పెరిగినవి. వాటితో మొదట్లోనే చేసి చూశాను. అవి ఎటూ పోవు.

నిన్ను క్షమించానని రాయాలని మూడు కాగితాలు చింపాను. రాలేదు. కట్-ఔట్ పెట్టినందుకు కోపం లేదు. నేను కాలిపోకూడదని పెట్టావు, అబ్బా ఉన్నా అదే పెట్టేవారు. కోపం ఆ పదిహేను రోజుల మీద. నువ్వు ఒక్క ముక్క రాస్తే చాలు, 'ఆగు' అని. అప్పుడు నా అలమారలో ముప్పైరెండు పళ్లేలు ఉన్నాయి.

షాపు మూయకు. రైతుల మోటర్లు ఏం చేశాయి? కొత్త కాయిల్ విప్పి రాగి వాడుకో. నాకు పంపకు.

వచ్చే ఏడు నన్ను ఉంచడం లేదని కాలేజీలో చెప్పేశారు. అది పెద్ద విషయం కాదు, ఎక్కడో ఒక స్కూల్లో చెప్పుకుంటాను. నన్ను తినేస్తున్నది వేరే. నేను చూసింది అబద్ధమని సెప్టెంబరులో తేలినప్పుడు ఏడ్చాను. ఏడ్చి, లేచి, అబద్ధమైతే అబద్ధమే అనుకుని పళ్లేలు ఉడకబెట్టాను. మనిషి దానితో బతకగలడు. ఇప్పుడు అది అబద్ధం కూడా కాదు. నిజం అంతకన్నా కాదు. ఆ పురుగులకు దారి తెలుసో లేదో ఇక ఎవరూ చెప్పలేరు, నేను కూడా.

నౌషీన్.